సున్నం వెంట ఏడు పాఠాలు

తెలంగాణ పదో తరగతి భౌతిక రసాయన శాస్త్ర పాఠ్యపుస్తకంలో రసాయన శాస్త్రం వాటాకు వచ్చే పాఠాలు ఏడు. రసాయన సమీకరణాలు, ఆమ్లాలు-క్షారాలు-లవణాలు, పరమాణు నిర్మాణం, మూలకాల వర్గీకరణ, రసాయన బంధం, లోహ సంగ్రహణం, కార్బన్ సమ్మేళనాలు అనే ఈ ఏడూ పుస్తకంలో ఒక్కచోట ఉండవు. కాంతి, మానవుని కన్ను, విద్యుత్ ప్రవాహం వంటి భౌతిక శాస్త్ర పాఠాల మధ్య విడివిడిగా పరచుకొని ఉంటాయి కనుక, బడులు తెరిచిన కొత్తలో చదివిన సమీకరణాలకూ సంక్రాంతి చుట్టుపట్ల చదివే లోహ సంగ్రహణానికీ ఉన్న చుట్టరికం విద్యార్థి దృష్టికి రాకుండానే ఏడాది గడిచిపోతుంది. ఆ చుట్టరికాన్ని వెలికి తీయవలసిన సమయం పునశ్చరణ సమయమే.

2016 అక్టోబరు 11న చాలావరకు పాత మెదక్ జిల్లా నుంచి విడివడి ఏర్పడిన సిద్దిపేట జిల్లాకు పదో తరగతి ఫలితాల్లో మంచి పేరుంది, 2022లో 97.85 శాతం ఉత్తీర్ణతతో రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. పరీక్షలకు ముందు నెలల్లో ఉదయం బడి గంటకు ముందు, సాయంత్రం బడి విడిచాక నడిచే ప్రత్యేక తరగతులు, వాటి కోసం పొద్దు గుంకే దాకా ఆగే ఉపాధ్యాయులు, చీకటి పడ్డాక పిల్లల్ని ఇంటికి తీసుకుపోవడానికి బడి గేటు దగ్గర నిలబడే తల్లిదండ్రులు ఈ ఫలితాల వెనుక ఉన్నారు. ఇంత శ్రమతో సంపాదించిన చదువు మార్చి నెల దాటి నిలవాలంటే, ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ, బైపీసీ తీసుకున్న పిల్లలకు మొదటి రోజే అక్కరకు రావాలంటే, పునశ్చరణ ఎన్ని గంటలు సాగిందన్న దానికన్నా ఏ తీరున సాగిందన్నది ముఖ్యమవుతుంది.

సాధారణంగా పునశ్చరణ అంటే పుస్తకాన్ని మొదటి పుట నుంచి మళ్లీ చదవడం, ముఖ్యమైన ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టడం అని అర్థం చేసుకోవడం కద్దు. రసాయన శాస్త్రంలో ఈ పద్ధతి చేసే చేటు తక్కువది కాదు, ఎందుకంటే ఈ శాస్త్రంలో ఒక భావన మరొక భావన భుజాల మీద నిలబడి ఉంటుంది: పరమాణువు చివరి కక్ష్యలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో తెలియనివారికి సంయోజకత, అనగా ఒక మూలకం ఇతర మూలకాలతో కలిసే సామర్థ్యం, అంతుపట్టదు, సంయోజకత తెలియనివారు ఫార్ములా రాయలేరు, ఫార్ములా తప్పిన చోట సమీకరణం ఎంత కుస్తీ పట్టినా తుల్యం కాదు. అడుగు అంతస్తులో ఉన్న బీటను పట్టించుకోకుండా పై అంతస్తుకు రంగు వేసినట్టు, సమీకరణాలను కంఠస్థం చేసిన విద్యార్థి ప్రశ్నను కొద్దిగా మార్చి అడిగితే చేతులెత్తేస్తాడు.

దీనికి విరుగుడుగా ఒక్క పదార్థాన్ని పట్టుకొని ఏడు పాఠాల గుండా నడవడం అనే పద్ధతిని ఆలోచించవచ్చు. ఆ పదార్థం పిల్లల కళ్లముందు ఉన్నదై ఉండాలి, అనేక చర్యలలో పాల్గొనేదై ఉండాలి, ఖర్చు లేనిదై ఉండాలి. గోడకు వేసే సున్నం ఈ మూడు షరతులకూ సరిపోతుంది. తమలపాకుకు రాసే సున్నం, గచ్చుకు పరిచే షాబాద్ బండ, చేర్యాల నకాషీ చిత్రపటం మీది తెలుపు, ఉక్కు కర్మాగారంలోని లోహమలం, కోడిగుడ్డు పెంకు, సుద్దముక్క ఇవన్నీ కాల్షియం చుట్టూ తిరిగే కుటుంబమే కాబట్టి, సిద్దిపేట జిల్లాలో ఏ ఊరి బడిలోనైనా ఈ నడకను మొదలుపెట్టవచ్చు.

నడకకు ముందు ఒక అడ్డంకిని గుర్తించాలి. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర బోధనను పరిశోధించిన అలెక్స్ జాన్‌స్టోన్, ఈ శాస్త్రం పిల్లలకు ఎందుకు కొరుకుడు పడదో వివరిస్తూ 1991లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో మూడు స్థాయిలను చూపించాడు. కంటికి కనిపించేది మొదటి స్థాయి, అంటే సున్నపురాయి, పొగ, వేడి, రంగు. కంటికి కనిపించని పరమాణువులు, అయాన్లు, ఎలక్ట్రాన్లు రెండో స్థాయి. సంకేతాలు, ఫార్ములాలు, సమీకరణాలు మూడో స్థాయి. చేయి తిరిగిన ఉపాధ్యాయుడు ఒక్క వాక్యంలోనే ఈ మూడింటి మధ్య రాకపోకలు సాగిస్తాడు, వినే విద్యార్థి మాత్రం తాను ఇప్పుడు ఏ స్థాయిలో ఉన్నాడో తెలియక తికమకపడతాడు. పునశ్చరణలో ప్రతి చర్యనూ మూడు సార్లు, మూడు రకాలుగా చెప్పించడం ఈ తికమకకు మందు: ఏమి కనిపించింది, లోపల ఏమి జరిగింది, దానిని ఎలా రాస్తారు.

మొదటి మజిలీ సున్నపు బట్టీ. బట్టీలో సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ దాకా కాలిస్తే అది పొడి సున్నంగా మారుతుంది, బరువు తగ్గుతుంది. ఇది కంటికి కనిపించేది. లోపల జరిగింది ఏమిటంటే, కాల్షియం కార్బొనేట్ అనే సమ్మేళనం కాల్షియం ఆక్సైడ్‌గానూ కార్బన్ డయాక్సైడ్ వాయువుగానూ విడిపోయింది. ఒకే పదార్థం రెండుగానో అంతకంటే ఎక్కువగానో విడిపోయే చర్యను రసాయన వియోగం అంటారు. వేడిని గ్రహించి జరిగేది కనుక ఇది ఉష్ణగ్రాహక చర్య కూడా. ఇక రాత. చర్యకు ముందున్న పదార్థాలను, అంటే క్రియాజనకాలను, బాణం గుర్తుకు ఎడమవైపున, చర్య వల్ల పుట్టిన క్రియాజన్యాలను కుడివైపున రాసి పరమాణువులను లెక్కపెడితే, ఎడమవైపు కాల్షియం 1, కార్బన్ 1, ఆక్సిజన్ 3. కుడివైపు కాల్షియం ఆక్సైడ్‌లో కాల్షియం 1, ఆక్సిజన్ 1, కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్ 1, ఆక్సిజన్ 2. రెండు వైపులా లెక్క సరిపోయింది కనుక ఇది పుట్టుకతోనే తుల్య సమీకరణం.

ఇక్కడ తొందరపడకుండా కొంతసేపు ఆగాలి. కాల్షియం పరమాణు ద్రవ్యరాశి 40, కార్బన్‌ది 12, ఆక్సిజన్‌ది 16 కాబట్టి కాల్షియం కార్బొనేట్ ద్రవ్యరాశి 40, 12, 48 కలిపి సరిగ్గా 100 అవుతుంది. కాల్షియం ఆక్సైడ్ 56, కార్బన్ డయాక్సైడ్ 44. కలిపితే మళ్లీ 100. దీనిని గ్రాములలో చెబితే ఒక మోల్ లెక్క, అనగా 6.022 × 10²³ కణాల గుంపు లెక్క; కిలోగ్రాములలో చెబితే బట్టీ యజమాని లెక్క. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలిస్తే చేతికి వచ్చే పొడి సున్నం 56 కిలోలు, గాలిలో కలిసిపోయే వాయువు 44 కిలోలు. రసాయన చర్యలో ద్రవ్యం సృష్టి కాదు, నశించదు అనే ద్రవ్య నిత్యత్వ నియమాన్ని ఎన్నిసార్లు చదివినా మనసుకు ఎక్కని విద్యార్థికి, ఆ 44 కిలోలు ఎక్కడికి పోయాయన్న ఒక్క ప్రశ్నతో నియమం కళ్లకు కడుతుంది. సిమెంటు తయారీలోనూ సున్నపురాయిని ఇలాగే కాలుస్తారు కనుక, సిమెంటు పరిశ్రమ నుంచి కార్బన్ డయాక్సైడ్ ఎందుకంతగా వెలువడుతుందో కూడా ఈ సమీకరణమే చెబుతుంది. ఇంధనం వల్ల వచ్చే వాయువు సరే, రాయిలోంచే వచ్చే వాయువు దానికి తోడవుతుంది.

రెండో మజిలీలో పొడి సున్నం మీద నీళ్లు పోస్తారు. బుసబుస పొంగి, ఆవిరి లేచి, గోలెం పట్టుకోలేనంత వేడెక్కుతుంది. కాల్షియం ఆక్సైడ్, నీరు కలిసి కాల్షియం హైడ్రాక్సైడ్ అయ్యాయి. రెండు పదార్థాలు కలిసి ఒకటి కావడం రసాయన సంయోగం, వేడి వెలువడటం ఉష్ణమోచక చర్య. బట్టీలో పోసిన వేడిలో కొంత ఇక్కడ తిరిగి బయటికి వస్తున్నదన్న గమనిక పిల్లలకు ఎంతో నచ్చుతుంది. పొడి సున్నం కంటిలో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది కాబట్టి దీనిని ఉపాధ్యాయుడే, కళ్లద్దాలు పెట్టుకొని, కొద్ది మోతాదుతో చేసి చూపాలి. పిల్లలు దూరం నుంచి చూడాలి.

కాల్షియం హైడ్రాక్సైడ్ ఫార్ములాలో కుండలీకరణం వెలుపల ఉండే 2 అనే పాదాంకం పరీక్షల్లో మార్కులు పోయే చోటు. ఆ రెండు లోపలి ఆక్సిజన్‌కూ హైడ్రోజన్‌కూ సమానంగా వర్తిస్తుంది, కనుక ఆ ఫార్ములాలో ఆక్సిజన్ పరమాణువులు రెండు, హైడ్రోజన్ పరమాణువులు రెండు. సమీకరణాన్ని తుల్యం చేసేటప్పుడు ఫార్ములా ముందున్న గుణకాన్ని మార్చాలే తప్ప ఫార్ములా లోపలి పాదాంకాన్ని ముట్టుకోకూడదు. నీటి ఫార్ములాలో ఆక్సిజన్ పక్కన 2 చేర్చినవారు లెక్క సరిచేశామనుకుంటారు గాని, నీటిని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చేశారు. ఎందుకు ముట్టుకోకూడదో ఈ విధంగా వివరిస్తే విద్యార్థి ఆ తప్పు మళ్లీ చేయడు.

మూడో మజిలీ గోడ. తడి సున్నాన్ని గోడకు వేసినప్పుడు మొదట మసకగా ఉండి, రెండు మూడు రోజులకు తెల్లగా మెరుస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను సున్నం మెల్లగా పీల్చుకొని తిరిగి కాల్షియం కార్బొనేట్‌గా మారింది, నీరు ఆవిరైపోయింది. లెక్క చూస్తే 74కు 44 కలిపి 118, అవతల 100కు 18 కలిపి 118. బట్టీలో రాయి కోల్పోయిన వాయువు గోడ మీద రాయికి తిరిగి దక్కింది. రాయి నుంచి పొడి సున్నం, దాని నుంచి తడి సున్నం, దాని నుంచి మళ్లీ రాయి అనే ఈ చక్రాన్ని మూడు సమీకరణాలుగా ఒక వలయంలో గీసిన విద్యార్థికి సంయోగమూ వియోగమూ ఒకదానికొకటి ఎదురు చర్యలని వేరే చెప్పనక్కరలేదు.

జిల్లాలోని చేర్యాల ఈ చోట ఒక అపురూపమైన ఉదాహరణను అందిస్తుంది. భౌగోళిక గుర్తింపు పొందిన చేర్యాల చిత్రపటాలను గీసే నకాషీ కళాకారులు సాంప్రదాయికంగా తెలుపు కోసం సముద్రపు గవ్వలను నూరి వాడేవారు, నలుపు కోసం దీపపు మసిని, పసుపు రంగు కోసం పసుపునే వాడేవారు. గవ్వ కాల్షియం కార్బొనేట్, మసి కార్బన్, పసుపులో రంగునిచ్చేది ఒక కర్బన సమ్మేళనం. సున్నం వేసిన గోడ మీది తెలుపూ గవ్వపొడి పూసిన పటం మీది తెలుపూ చివరికి ఒకే పదార్థం. అయితే పటం మీదికి అది నూరడం అనే భౌతిక మార్పు వల్ల, గోడ మీదికి మూడు రసాయన మార్పుల వల్ల చేరింది. భౌతిక మార్పుకూ రసాయన మార్పుకూ తేడా రాయమన్న ప్రశ్నకు మంచు కరగడం, కాగితం కాలడం అనే ఉదాహరణలనే తరతరాలుగా రాస్తున్న పిల్లలకు, తమ జిల్లా కళ నుంచి ఇంతకన్నా సూక్ష్మమైన జవాబు దొరుకుతుంది.

ఆమ్లాలు, క్షారాల పాఠానికి సున్నమూ పసుపూ కలిస్తే చాలు. కొమురవెల్లి మల్లన్న జాతరలో భక్తుల నొసట మెరిసే బండారి పసుపుపొడే. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన తెల్ల కాగితం మీద సున్నపు తేట, అంటే తడి సున్నాన్ని నీటిలో కలిపి వడగట్టిన తేట ద్రావణం, ఒక చుక్క వేస్తే ఆ చోటు ఎర్రబడుతుంది. దాని మీదనే నిమ్మరసం పిండితే తిరిగి పసుపుపచ్చ అవుతుంది. పసుపులో సున్నం కలిపి కుంకుమ చేసే పాత పద్ధతి రహస్యమూ ఇదే. ఆమ్లంలో ఒక రంగు, క్షారంలో మరొక రంగు చూపే ఇటువంటి పదార్థాన్ని సూచిక అంటారు. సూచికలలో లిట్మస్ రెండు వైపులా స్పష్టంగా పలుకుతుంది. పసుపు మాత్రం క్షారాన్ని గుర్తుపడుతుంది గాని, ఆమ్లానికీ తటస్థ నీటికీ తేడా చూపలేదు. ఈ పరిమితిని విద్యార్థి తానే ప్రయోగం చేసి కనిపెట్టేలా చూడాలి, ఎందుకంటే ఒక పరికరం ఏమి చెప్పలేదో తెలుసుకోవడం కూడా శాస్త్రమే.

పీహెచ్ అనే కొలమానాన్ని డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ 1909లో ప్రవేశపెట్టాడు. 7 తటస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. సంతృప్త సున్నపు తేట పీహెచ్ సుమారు 12.4. ఇక్కడే చాలామంది విద్యార్థులు జారిపడే గుంత ఒకటుంది: బలమైన క్షారం అంటే గాఢమైన ద్రావణం అనుకోవడం. గది ఉష్ణోగ్రత వద్ద లీటరు నీటిలో రెండు గ్రాముల లోపు కాల్షియం హైడ్రాక్సైడ్ మాత్రమే కరుగుతుంది, అంటే సున్నపు తేట ఏనాడూ గాఢ ద్రావణం కాలేదు. అయినా కరిగిన మేరకు దాదాపు పూర్తిగా అయాన్లుగా విడిపోతుంది కనుక అది బలమైన క్షారమే. బలం అనేది ఎంత మేరకు అయాన్లుగా విడిపోతుందన్న దానిని, గాఢత అనేది ఎంత కరిగి ఉందన్న దానిని చెబుతాయి. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం దీనికి సరిగ్గా ఎదురు: ఎంత గాఢంగా తీసుకున్నా బలహీనమైన ఆమ్లమే.

భాష తెచ్చిపెట్టే చిక్కు కూడా ఒకటుంది. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశించి, ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. తెలుగులో క్షారం అనే ఒక్క మాటే ఆంగ్లంలోని బేస్‌కూ ఆల్కలికీ వాడుకలో ఉంది. నిజానికి నీటిలో కరిగే బేస్ మాత్రమే ఆల్కలి. రాగి ఆక్సైడ్ ఆమ్లంతో చర్య జరిపి లవణాన్ని ఇస్తుంది కనుక బేస్, కాని నీటిలో కరగదు కనుక ఆల్కలి కాదు. రెండు భాషల మధ్య చదువుకుంటున్న పిల్లలకు ఇటువంటి మాటల పట్టికను పునశ్చరణలో వారి చేతనే రాయించడం తప్పనిసరి. మాట స్పష్టం కాకుండా భావం స్పష్టం కాదు.

ఆమ్లం కార్బొనేట్ మీద పడితే ఏమవుతుందో చూడటానికి ప్రయోగశాల అవసరం లేదు. షాబాద్ బండలు, తాండూరు బండలు సున్నపురాయి జాతివే. నున్నటి బండ మీద పడిన నిమ్మరసాన్ని వెంటనే తుడవకపోతే అక్కడ మెరుపు చచ్చి మచ్చ మిగులుతుంది. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం కార్బొనేట్‌ను తింటూ లవణాన్ని, నీటిని, కార్బన్ డయాక్సైడ్‌ను ఇచ్చింది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఇదే చర్య రాస్తే ఆమ్లం ముందు గుణకం 2 ఎందుకు రావాలో కూడా తెలుస్తుంది: కాల్షియం సంయోజకత 2, దానికి జోడీగా రెండు క్లోరైడ్ అయాన్లు కావాలి.

ఆ 2 ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న పరమాణు నిర్మాణంలోకి తలుపు తెరుస్తుంది. కాల్షియం పరమాణు సంఖ్య 20. కేంద్రకం చుట్టూ ఉన్న 20 ఎలక్ట్రాన్లు కర్పరాల వారీగా 2, 8, 8, 2 అని సర్దుకుంటాయి. మూడో కర్పరంలో 18 పట్టే చోటుండగా 8 వద్ద ఎందుకు ఆగి, మిగిలిన రెండూ నాలుగో కర్పరానికి ఎందుకు వెళ్లాయని తెలివైన విద్యార్థి తప్పక అడుగుతాడు, అడగాలి. కర్పరాల లోపల ఉపకర్పరాలుంటాయి, ఎలక్ట్రాన్లు తక్కువ శక్తి గల చోటును ముందు నింపుతాయి, ఈ పరమాణువులలో నాలుగో కర్పరంలోని ఎస్ ఉపకర్పరం మూడో కర్పరంలోని డి ఉపకర్పరం కన్నా ముందుగా నిండుతుంది. అందువల్ల ఆ అమరిక. ఈ ఒక్క జవాబులో ఆఫ్‌బౌ నియమం పునశ్చరణ అయిపోతుంది. నాలుగు కర్పరాలున్నాయి కనుక కాల్షియం నాలుగో పీరియడ్‌లో ఉంటుంది, చివర రెండున్నాయి కనుక రెండో గ్రూపులో ఉంటుంది. ఆవర్తన పట్టికను గోడ పటంగా చూసి బెదిరిపోయే పిల్లలకు, ప్రతి గడి ఎలక్ట్రాన్ విన్యాసం చెప్పే చిరునామా అని తెలిస్తే బెదురు పోతుంది.

జర్మన్ శాస్త్రవేత్త డాబరైనర్ 1829లో ప్రకటించిన త్రికాలలో, అంటే ఒకే తీరు గుణాలున్న మూడేసి మూలకాల జట్లలో, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం ఒకటి. ఇరు చివరల ఉన్న కాల్షియం, బేరియంల పరమాణు ద్రవ్యరాశులు, అంటే 40, 137ల సగటు 88.5, మధ్యనున్న స్ట్రాన్షియం విలువ 87.6. ఎలక్ట్రాన్ల సంగతి ఎవరికీ తెలియని రోజుల్లో, బరువుల పట్టికను మాత్రమే ముందుంచుకొని ఒక మనిషి ఈ పోలికను పట్టగలిగాడంటే అది మెచ్చుకోదగిన చూపు. 1869లో మెండలీఫ్ పట్టిక, 1913లో మోస్లే పరమాణు సంఖ్య ప్రాధాన్యాన్ని నిరూపించడం ఆ చూపుకు కొనసాగింపులే.

బంధం పాఠంలో కాల్షియం తన చివరి రెండు ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు ఇచ్చేస్తుంది. ఇచ్చినది ధన అయాన్, తీసుకున్నది రుణ అయాన్. రెండింటికీ చివరి కర్పరంలో జడవాయువులకు ఉన్నట్టు ఎనిమిదేసి ఎలక్ట్రాన్లు సమకూరుతాయి. వ్యతిరేక ఆవేశాల ఈ ఆకర్షణే అయానిక బంధం. ఎనిమిది కోసం పరమాణువులు ఆరాటపడతాయని తరగతిలో చెప్పడం అలవాటు, అది పిల్లలకు గుర్తుంటుంది కూడా. అయితే పరమాణువుకు కోరికలు లేవని, అయాన్లు స్ఫటికంగా సర్దుకున్నప్పుడు మొత్తం శక్తి తగ్గడమే అసలు కారణమని ఒక్క వాక్యం జోడిస్తే పై తరగతులలో దిద్దుకోవలసిన అవసరం రాదు. రెండేసి ఆవేశాలున్న అయాన్ల ఆకర్షణ ఎంత గట్టిదంటే కాల్షియం ఆక్సైడ్ 2500 డిగ్రీల సెల్సియస్ దాటితే గాని కరగదు. అందుకనే 19వ శతాబ్దపు నాటకశాలల్లో సున్నపు దిమ్మను మంటతో తెల్లగా మెరిసేలా కాల్చి రంగస్థలం మీద వెలుగు పరిచేవారు. కాల్షియం లోహాన్ని హంఫ్రీ డేవీ 1808లో విద్యుత్తు సాయంతో విడదీయవలసి వచ్చిందంటే కారణం కూడా ఆ బంధపు గట్టితనమే.

లోహ సంగ్రహణంలో సున్నపురాయి సహాయ పాత్ర ధరిస్తుంది. పల్లెల్లో గడపలకూ అరుగులకూ పూసే జాజు ఎరుపుకు కారణం ఇనుప ఆక్సైడ్. హెమటైట్ అనే ఇనుప ఖనిజం కూడా అదే. బ్లాస్ట్ కొలిమిలో కోక్ నుంచి పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ ఈ ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. ఆక్సిజన్‌ను కోల్పోవడం క్షయకరణం, పొందడం ఆక్సీకరణం. ఖనిజంతో కలిసివచ్చే ఇసుక, అంటే సిలికా, ఒక ఆమ్ల ఆక్సైడ్. కొలిమి వేడికి సున్నపురాయి నుంచి పుట్టే కాల్షియం ఆక్సైడ్ ఒక క్షార ఆక్సైడ్. రెండూ కలిసి కాల్షియం సిలికేట్ అనే లోహమలంగా తేలిపోతాయి. బట్టీ సమీకరణమూ ఆమ్ల-క్షార చర్యా ఇక్కడ మారువేషంలో మళ్లీ వచ్చాయని గుర్తించిన విద్యార్థికి కొత్తగా కంఠస్థం చేయవలసింది పెద్దగా మిగలదు. ఒకనాడు డమాస్కస్ కత్తులకు ఉక్కును అందించిన కేంద్రంగా పేరుపొందిన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం సంగతి కూడా ఈ పాఠంలోనే చెప్పాలి. మూసిన మూసలో ఇనుమును కార్బన్ పదార్థాలతో కలిపి కాల్చి ఉక్కు చేసిన కమ్మరులు ఈ నేలవారే.

ప్లాస్టిక్ గ్లాసులు, విస్తళ్ల వాడకాన్ని తగ్గించడానికి సిద్దిపేటలో నెలకొల్పిన స్టీల్ బ్యాంకులు, అనగా శుభకార్యాలకు స్టీలు గిన్నెలూ పళ్లేలూ ఇచ్చే కేంద్రాలు, మిశ్రలోహాల పాఠానికి చక్కని నమూనా. ఇనుప గిన్నె తుప్పు పడుతుంది, స్టీలు గిన్నె పట్టదు. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం ఉండే క్రోమియం గాలితో కలిసి కంటికి కనిపించనంత పలుచని ఆక్సైడ్ పొరను ఏర్పరచి లోపలి ఇనుమును కాపాడుతుంది. గీత పడినా ఆ పొర తనంతట తానే తిరిగి ఏర్పడుతుంది.

కార్బన్ పాఠానికీ సున్నం నుంచి దారి ఉంది. పొడి సున్నాన్ని కోక్‌తో కలిపి విద్యుత్ కొలిమిలో కాలిస్తే కాల్షియం కార్బైడ్ వస్తుంది; దానికి నీరు తగిలితే ఎసిటిలిన్ వాయువు పుట్టి, మళ్లీ తడి సున్నం మిగులుతుంది. ఎసిటిలిన్‌లో రెండు కార్బన్ పరమాణువుల మధ్య త్రిబంధం, పండ్లను సహజంగా మాగించే ఇథిలీన్‌లో ద్విబంధం, వంట గ్యాసులోని బ్యూటేన్‌లో ఏకబంధాలు. మామిడికాయలను కార్బైడ్‌తో మాగించడాన్ని ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి, ఎందుకంటే మార్కెట్టులో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మాలిన్యాలుంటాయి. సిద్దిపేట పురపాలక సంఘం బుస్సాపూర్‌లో తడి చెత్త నుంచి తయారు చేయించే బయో సీఎన్‌జీలో ప్రధానాంశం మీథేన్. ఒక మీథేన్ అణువు పూర్తిగా కాలాలంటే రెండు ఆక్సిజన్ అణువులు కావాలి, ఒక కార్బన్ డయాక్సైడ్, రెండు నీటి అణువులు వస్తాయి. నీరా కోసం కట్టే కుండకు లోపల సున్నం పూయడం వెనుక కూడా రసాయన శాస్త్రం ఉంది: క్షార స్థితిలో ఈస్టు పని సాగదు, చక్కెర ఇథనాల్‌గా పులియదు.

ఇదంతా చదివి ఊరుకుంటే పునశ్చరణ కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక బృందం పాఠాన్ని రెండోసారి చదివింది, మరొక బృందం పాఠం మూసి గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారు 81 శాతం, రాసి చూసుకున్నవారు 75 శాతం గుర్తుచేసుకున్నారు. వారం తర్వాత మాత్రం మళ్లీ చదివినవారు 42 శాతానికి పడిపోగా, రాసినవారు 56 శాతం దగ్గర నిలిచారు. చదువుతున్నప్పుడు అంతా తెలిసినట్టే అనిపిస్తుంది. ఆ అనిపించడం పరీక్ష హాలు దాకా తోడు రాదు.

కాబట్టి సాయంకాలపు ప్రత్యేక తరగతిలో గంట సమయం ఉంటే, అందులో సగమైనా పుస్తకం మూసి తెల్లకాగితం ముందు కూర్చోవడానికి కేటాయించడం మేలు. కాగితం నడుమ సున్నపురాయి అని రాసి, దాని చుట్టూ విద్యార్థికి తెలిసిన చర్యలన్నీ బాణాలతో గీయించి, ప్రతి బాణం పక్కన సమీకరణం, చర్య రకం, కంటికి కనిపించే గుర్తు రాయించి, ఆ తర్వాతే పుస్తకం తెరిచి ఎర్ర కలంతో దిద్దుకోనివ్వాలి. దిద్దిన తప్పులకు విడిగా ఒక నోటు పుస్తకం పెట్టి, మూడో రోజున, పదో రోజున ఆ తప్పులనే మళ్లీ అడగాలి. వెనుకబడిన విద్యార్థికి బాణాలు మూడే వస్తే మూడింటితోనే మొదలుపెట్టవచ్చు. బట్టీ, గోలెం, గోడ అనే ఆ మూడూ పటిష్ఠంగా వస్తే నాలుగోది అతడే అడుగుతాడు.

ఆ నాలుగో బాణానికి ఒక గాజు గ్లాసు, సున్నపు తేట, ఒక గొట్టం చాలు. గొట్టం గుండా ఊపిరి మెల్లగా ఊదితే, పీల్చకుండా ఊదితే, తేట పాలలా తెల్లబడుతుంది, అది గోడ మీద జరిగిన చర్యే. ఊదడం ఆపకుండా సాగిస్తే తెలుపు క్రమంగా తగ్గి ద్రావణం తేటపడటం మొదలవుతుంది. కాల్షియం కార్బొనేట్ మరింత కార్బన్ డయాక్సైడ్‌తోనూ నీటితోనూ కలిసి, నీటిలో కరిగే కాల్షియం బైకార్బొనేట్ అయింది. వాన నీరు సున్నపురాతి గుట్టలను ఇలాగే కరిగించుకుంటూ పోవడం వల్ల బెలుం, బొర్రా గుహలు ఏర్పడ్డాయి. తేటపడిన ఆ ద్రావణాన్ని స్టౌ మీద మరగబెడితే వాయువు బయటికి పోయి తెలుపు మళ్లీ అడుగున చేరుతుంది. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున ప్రతి ఇంట్లో పేరుకునే తెల్లటి పెచ్చు అదే. దాని మీద నిమ్మచెక్క రుద్దినప్పుడు లేచే బుడగలకు సమీకరణం ఏమిటో, ఇంతవరకు వచ్చిన విద్యార్థి పుస్తకం తెరవకుండానే రాయగలుగుతాడు.